మానినవారి గోష్ఠి



నేను భద్రాచల ప్రాంతమున ముప్పదియైదు సంవత్సరములు బడిపంతులుగా నుండి విశ్రాంతి తీసికొన్నవాడను. వ్యాకరణమును, పంచకావ్యములను గురుముఖమున చదువుకొంటిని. కాని నేడు నేను చెప్పబోవు విషయము ఏ కావ్యమునను చదివినది కాదు. మా యింటిలో నొక ప్రాణము పోయిన పిదప నేర్చుకొన్నది. కల్లు, సారా, బ్రాంది మొదలగు మద్యములకు వశుడైన మనుష్యుడు ఆ వశమునుండి బయటపడుటకు, అట్లే బయటపడిన తోడివారు కూడుకొను గోష్ఠులు ఎట్లు తోడ్పడును, అవి యెచ్చట దొరకును, దొరకనిచో మనమేమి చేయవలయును అనునదియే నేటి ప్రసంగ విషయము.

మొదట నా తప్పు చెప్పుకొందును. అది 1998వ సంవత్సరము. నాకొక తమ్ముడుండెను. మిరప తోటయు, పొలము పనులును అన్నియు వాడే చూచుకొనెడివాడు. తొలుత సంతనాడు మాత్రమే త్రాగెడివాడు. పిదప ప్రతి సాయంకాలము త్రాగుట మొదలిడెను. కడపట ప్రొద్దున లేచినతోడనే చేతులు వణకుచుండగా సీసా వెదకుకొను దశకు వచ్చెను. మేము పెద్దలము నలుగురము కూర్చుండి యోచన చేసితిమి. శ్రీరామనవమికి ఐదు దినములు ముందుగా వానిచేత గోదావరిలో స్నానము చేయించి, స్వామి సన్నిధిని ఇక ముట్టనని ప్రమాణము చేయించితిమి. ఆ ప్రమాణము నిలుచుటకై వానిని వెనుక గదిలో నుంచి గొళ్లెము పెట్టితిమి. గొళ్లెము పెట్టిన చేయి నాదే.

మొదటి రాత్రి వణకును, చెమటలును పట్టెను. రెండవ రాత్రి నిద్ర లేదు. గోడలమీద చీమలు ప్రాకుచున్నవని అఱచెను. త్రాగుడుకై నాటకమాడుచున్నాడని మేము తలచితిమి. "అన్నయ్యా, తలుపు తియ్యి" అని నన్ను పలుమాఱులు పిలిచెను. నేను తీయలేదు. మూడవనాటి తెల్లవారుజామున మూర్ఛలు వచ్చినవి. జీపు దొరకించుకొని ఆసుపత్రికి చేర్చులోపల వాడు దక్కలేదు.

తరువాత వైద్యులు నాకు చెప్పిన సంగతి మీరందఱును చెవియొగ్గి వినవలయును. ఏండ్ల తరబడి దినదినము త్రాగిన దేహము మద్యమునకు అలవాటుపడి యుండును. దానిని ఒక్కసారిగా నిలిపినచో మెదడు అదుపు తప్పును. కొన్ని గంటలలోనే వణకు, చెమట, గుండెదడ మొదలగును. రెండు దినములలోపల మూర్ఛలు రావచ్చును. రెండవ దినము మొదలు నాలుగవ దినము వఱకు లేనివి కనబడుట, వినబడుట, మతి తప్పుట సంభవింపవచ్చును. అందఱికిని ఇట్లు జరుగదు. జరిగినవారికి మాత్రము చికిత్స లేకున్నచో ప్రాణాపాయము. ఆసుపత్రిలో నైనచో తగిన మందులును, విటమిన్ బి1 సూదిమందును ఇచ్చి, కొద్ది దినములలో ఈ గండమును దాటింతురు. నా తమ్మునికి ఆనాడు కావలసినది ప్రమాణము కాదు, వైద్యుడు.

కావున నా మొదటి విన్నపమిది. ప్రొద్దున లేవగనే త్రాగువానిని, త్రాగకున్న చేతులు వణకువానిని, ముందెన్నడైన మూర్ఛలు వచ్చినవానిని, వైద్యుని చూపక మాన్పింపవలదు. గదిలో పెట్టవలదు. స్తంభమునకు కట్టవలదు. ముందుగా భద్రాచలములోని ఏరియా ఆసుపత్రికో, మీకు దగ్గఱనున్న మఱియొక ప్రభుత్వ వైద్యశాలకో తీసికొనిపోవలయును.

అయితే వైద్యముతోనే పని ముగిసినదా? లేదు. పదిదినములలో దేహము కుదుటపడును. మనిషి ఇంటికి వచ్చును. వచ్చిన సాయంకాలమే అదే త్రోవ, అదే బెల్టు దుకాణము, అదే స్నేహితులు. వాని మనస్సులోని దాహము మాత్రము ఆసుపత్రిలో నిలిచిపోలేదు. వానితోడనే బస్సెక్కి వచ్చినది. ఆ సాయంకాలము వాని ప్రక్కన నెవరుందురు? ఈ ప్రశ్నకు సమాధానమే నేను చెప్పదలచిన గోష్ఠి.

ఇది నా తమ్మునికి మాత్రమే కలిగిన కష్టము కాదు. 2019లో కేంద్రప్రభుత్వమువారు ప్రకటించిన నివేదిక ప్రకారము, మన దేశమున మద్యమువలన హాని పొందుచు సహాయము కావలసినవారు ఐదుకోట్ల డెబ్బదిలక్షల మంది. మద్యమునకు పూర్తిగా వశులైన ప్రతి ముప్పదియెనిమిది మందిలో ఒక్కనికే ఏదో యొక చికిత్స అందినదని ఆ నివేదికయే చెప్పినది. మిగిలిన ముప్పదియేడుగురు ఎచ్చట నున్నారు? మన యరుగులమీద, మన చేలగట్లమీద, మన యిండ్ల వెనుక గదులలో నున్నారు.

దుకాణములు మూసివేసిన చాలదా యని కొందఱు పెద్దలు అడుగుదురు. ఆ ప్రయత్నమును మన తెలుగుదేశము చేసి చూచినది. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరములు నేర్చుకొన్న స్త్రీలు 1992లో సారాపై తిరుగుబాటు చేసిరి. వారిలో రోశమ్మగారి పేరు దేశమంతయు వినబడెను. ఆ స్త్రీల పట్టుదలవలన 1993 అక్టోబరు 1వ తేదీనుండి రాష్ట్రమున సారాయి నిషేధింపబడెను. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను. 1997లో అది సడలింపబడెను. ఆ స్త్రీలు చేసినది గొప్ప కార్యము. దానిని తక్కువ చేసి పలుకను. గిరిజన ప్రాంతములలో మద్యపు అమ్మకమును కట్టడి చేయు అధికారమును 1996 నాటి చట్టము గ్రామసభలకే యిచ్చినది. ఆ యధికారమును మన గ్రామములు వినియోగింపవలయును. కాని శాసనము వచ్చును, పోవును. ఇచ్చట సరిహద్దు దాటిన వేఱొక ప్రభుత్వము, వేఱొక దుకాణము. 1995లో దుకాణము మూతపడినపుడు నా తమ్ముడు అడవిదారిన నడచిపోయి త్రాగివచ్చెను. బయటి తలుపు మూసిన చాలదు. లోపలివానికి తోడు కావలయును.

ఆ తోడు ఎట్టిదో తెలియుటకు కొంత దూరము పోవలయును. 1935వ సంవత్సరమున అమెరికాదేశమందలి ఆక్రన్ పట్టణమునకు బిల్ విల్సన్ అను నతడు వ్యాపారము పనిమీద వచ్చెను. అతడు పెద్ద త్రాగుబోతుగా నుండి, అప్పటికి కొన్ని నెలలుగా మానియున్నవాడు. వచ్చిన పని చెడిపోయెను. బసచేసిన హోటలులో మద్యశాలనుండి నవ్వులు వినబడుచుండెను. కాలు అటు లాగుచుండెను. అప్పుడతనికి ఒక యూహ తోచెను: నన్ను నేను కాపాడుకొనుటకు నాకు మఱియొక త్రాగుబోతు కావలయును. టెలిఫోనుమీద వెదకి వెదకి, బాబ్ స్మిత్ అను శస్త్రవైద్యుని కలిసికొనెను. ఆ వైద్యుడు తానును త్రాగుడుకు వశుడై, ఎందఱు చెప్పినను మానలేక యున్నవాడు. పదునైదు నిమిషములకు మించి కూర్చుండనని వచ్చిన ఆ వైద్యుడు గంటలకొలది కూర్చుండెను. ఎందుచేత ననగా, బిల్ అతనికి నీతి చెప్పలేదు. తన కథ చెప్పెను. ఆ వైద్యుడు కడపటిసారి త్రాగిన 1935 జూను 10వ తేదీనే ఆల్కహాలిక్స్ అనానిమస్ అను సమాజమునకు పుట్టినదినముగా నెంచుదురు. పేరు చెప్పుకొనని మద్యవశులని దాని యర్థము. 1957 నుండి మన దేశమునను ఆ గోష్ఠులు జరుగుచున్నవి.

ఈ పద్ధతి ఫలించునా? 2020లో పండితులైన పరిశోధకులు ఇరువదియేడు పరిశోధనలను, పదివేలకు పైబడిన రోగుల వృత్తాంతములను చేర్చి పరిశీలించిరి. ఇతర మానసిక చికిత్సలు పొందినవారికన్న, ఈ గోష్ఠులకు క్రమముగా పోవునట్లు చేయబడినవారిలో పూర్తిగా మానియున్నవారు ఎక్కువగా నుండిరని తేలినది. ఇది మంత్రము కాదు. అందఱికిని పనిచేయుననియు చెప్పను. కాని ఖర్చులేని సాధనము, ఏ పల్లెలోనైన నిలువగల సాధనము.

గోష్ఠిలో నేమి జరుగును? అర్చనయు లేదు, పంచాయతీయు లేదు. కొందఱు మనుష్యులు ఒక గదిలో గుండ్రముగా కూర్చుందురు. ఒకడు లేచియో కూర్చుండియో తన పేరు మాత్రము చెప్పును. ఇంటిపేరు, కులము, ఉద్యోగము చెప్పనక్కఱలేదు. తాను మద్యమునకు వశుడనని ఒప్పుకొనును. ఎట్లుండెడివాడో, ఏమి జరిగినదో, ఇప్పుడెట్లున్నాడో చెప్పును. మిగిలినవారు విందురు. నడుమ అడ్డుపడరు, తీర్పు చెప్పరు. ఏమియు చెప్పక విని వచ్చినను తప్పు లేదు. గంటయో గంటన్నరయో యైన పిదప తేనీరు త్రాగి వెళ్లుదురు. రుసుము లేదు, ఇష్టమున్నవారు ఖర్చులకై కొంత వేయుదురు. చేరుటకు కావలసిన అర్హత యొక్కటే: త్రాగుడు మానవలెనను కోరిక. "జీవితాంతము త్రాగను" అను ప్రమాణము అచ్చట అడుగరు. నేటి కొక్కదినము త్రాగకుండుము, రేపటి సంగతి రేపు చూతమందురు. జీవితాంతమను బరువు క్రింద నలిగినవాడు ఒక్క దినమును మోయగలడు.

అచ్చట దేవుని ప్రసక్తి కలదా యని అడుగుదురు. కలదు, కాని ఎవరి దేవుడు వారికే. రాముని తలచువాడు రాముని, అల్లాను తలచువాడు అల్లాను, ఏసును తలచువాడు ఏసును, కోయసోదరుడు తన వేల్పును తలచుకొనవచ్చును. దేవుడే లేడనువానికిని అచ్చట చాప వేయుదురు.

మఱి యీ గోష్ఠిని కనుగొనుట యెట్లు? మొదటి త్రోవ, చికిత్స చేసిన వైద్యుని అడుగుట. మానసిక వైద్యులకు ఈ గోష్ఠులు జరుగు చోట్లు తెలిసియుండును. రెండవది, ఫోను. మత్తు మాన్పించు సలహాకై కేంద్రప్రభుత్వమువారి 14446 అను సంఖ్య కలదు. మనస్సుకు సంబంధించిన ఏ బాధకైనను 2022లో మొదలైన టెలిమానస్ వారి 14416 అను సంఖ్య కలదు. రెండింటికిని రుసుము లేదు. మూడవది, పట్టణము. హైదరాబాదు మొదలగు పెద్ద పట్టణములలో ఆల్కహాలిక్స్ అనానిమస్ గోష్ఠులు జరుగుచున్నవి. మన పిల్లలు పనులకై పట్టణములకు పోవుచునే యున్నారు గదా! నాలుగవది, చేతిఫోను. 2020 నాటి కరోనా కాలమునుండి దూరముననున్నవారు ఫోనులోనే కూడుకొను గోష్ఠులు విస్తరించినవి. పోవుటకు ముందు ఒక్క మాట అడిగి తెలిసికొనవలయును: అది ఎవరైన రాదగిన గోష్ఠియా, లేక మానదలచినవారికే పరిమితమైనదా యని. మొదటిదానికి భార్యయో, అన్నయో, స్నేహితుడో తోడుగా పోవచ్చును. మొదటినాడు ఒంటరిగా పంపవలదు. గడపవఱకు పోయి తిరిగివచ్చినవారు చాలమంది కలరు.

ఇది యెఱిగిన విధము చెప్పెదను. నాయొద్ద నాలుగవ తరగతి చదివిన పిల్లవాడొకడు పెరిగి లారీ నడుపువాడయ్యెను. త్రాగుడుచేత ఆ పని పోగొట్టుకొనెను. హైదరాబాదులో చికిత్స పొంది, అచ్చటి గోష్ఠులకు ఏడాదికి పైగా పోయి, తిరిగి మా వైపు వచ్చెను. ఒక సాయంకాలము నా యరుగుమీద కూర్చుండి యిట్లనెను: "పంతులుగారూ, నన్ను తిట్టేవాళ్లున్నారు, నన్ను చూసి జాలిపడేవాళ్లున్నారు. నాతో కూర్చునేవాడు లేడు. ఆరు గంటలయితే నాకు భయమేస్తుంది." ఆ మాట విని నాకు నా తమ్ముని గొంతు వినబడెను. ఈమాఱు నేను నీతి చెప్పలేదు. ఏమి కావలెనని యడిగితిని. ఒక గది, ఒక దీపము, తనవంటివాడు మఱియొకడు కావలెననెను.

ఆ మఱియొకడు నదికావలి కోయపల్లెనుండి వచ్చెను. ఆతడును ఆసుపత్రిలో మాని వచ్చినవాడే. వాడుకలో లేని పాత బడిగది తాళము నాయొద్ద నుండెను. ఆదివారము, బుధవారము, దీపాలవేళకు గోష్ఠి యని నిర్ణయించుకొనిరి. మొదటినాడు నేనును ఉత్సాహముతో లోపలికి పోయి కుర్చీలో కూర్చుండబోగా, ఆ శిష్యుడు చేతులు జోడించి, "మీరు తాగినవారు కాదు గదా పంతులుగారూ! తాళంచెవి ఇచ్చి వెళ్లండి" అనెను. నలువదియేండ్లు కుర్చీ నాదే యనుకొన్నవాడను; ఆనాడు లేచి బయటికి వచ్చితిని. నాలుగు నెలలు వారిద్దఱే కూర్చుండిరి. ఇప్పుడు ఏడుగురు వచ్చుచున్నారు. వారిలో నొకడు నడుమ రెండుసార్లు జాఱిపడి మరల త్రాగెను. రెండుసార్లును వాని చాప వానికే యుంచిరి.

పెద్దలారా, ఇందు మన కర్తవ్యమేమో చెప్పి ముగింతును.

ఒకటి, చోటు ఇండు. బడియో, సత్రమో, ఎవరి వసారాయో. త్రాగుడు వేళయే గోష్ఠి వేళ కావలయును; దాహము పుట్టు గంటకు తోడు దొరకవలయును. సంతనాడు అడవిపల్లెలవారందఱును వచ్చుదురు గనుక, సంత మొదలుకాకమునుపే యొక గోష్ఠి పెట్టుకొనవచ్చును.

రెండు, గుట్టు కాపాడుడు. తాటిచెట్టు క్రింద పాలు త్రాగినను కల్లే యందురని సామెత కదా! ఆ గదిలోనికి పోవువానిని చూచి యరుగుమీద గుసగుసలాడినచో వాడు మరల రాడు. అచ్చట చెప్పిన మాటను పంచాయతీలో నెత్తిపొడుపుగా వాడినచో ఆ గోష్ఠి ఆనాడే మూతపడును.

మూడు, అధ్యక్షత వహింపవలదు. ఎన్నికలను, కులవాదములను లోపలికి రానీయవలదు. అమెరికాలోనే 1840లో బాల్టిమోరు పట్టణమున ఆఱుగురు త్రాగుబోతులు కూడి యిట్టి సంఘమునే పెట్టిరి. కొద్దియేండ్లలో లక్షలమంది చేరిరి. పిదప అది తన పని విడిచి పై వాదములలో చిక్కుకొని పదేండ్లు తిరుగక మునుపే క్షీణించెను. తరువాతివారు ఆ పాఠము నేర్చుకొని, త్రాగుడు మానుట తప్ప వేఱు విషయము మాటాడమని నియమము పెట్టుకొనిరి.

నాలుగు, కోయసోదరుల ఆచారమును కించపఱచవలదు. వారికి ఇప్పచెట్టు ఆహారము, ఔషధము. దాని పువ్వుతో వండిన సారా వేల్పులకు నైవేద్యము. పండుగనాడు ఊరందఱు కలిసి పుచ్చుకొను గుక్క వేఱు, ఒంటరిగా దినదినము త్రాగు సీసా వేఱు. ఆ భేదమును వారి పెద్దలే చక్కగా నెఱుగుదురు. మానదలచినవాడు పండుగలో ఆ గుక్కయు పుచ్చుకొనకుండుటకు వారి పెద్దయే యనుమతి ఇచ్చినచో వానికి సిగ్గు తప్పును. గోష్ఠియు వారి భాషలోనే సాగనిండు.

ఐదు, ఇంటివారిని మఱవవలదు. భర్త త్రాగినపుడు దెబ్బలు తిన్నదియు, మానినపుడు నమ్మలేక నలుగునదియు భార్యయే. అట్టివారి కొఱకు ఆల్ అనాన్ అను వేఱు సమాజము 1951లో ఏర్పడెను. మన పల్లెలలో ఇద్దఱు స్త్రీలు కలిసి కూర్చుండి తమ కష్టము చెప్పుకొన్నను అది ఆరంభమే.

ఆఱు, జాఱినవానిని తఱిమివేయవలదు. జ్వరము తిరుగబెట్టినవానిని మనము కొట్టుదుమా?

నా తమ్ముడు పోయి ఇన్నేండ్లైనను, శ్రీరామనవమికి ఊరంతయు పందిళ్లు వేయునపుడు నాకు ఆ వెనుక గది తలుపే కనబడును. తలుపు తీయుమని వాడు పిలిచినపుడు తీయుట నాకు తెలియలేదు. ఇప్పుడు ఆదివారము, బుధవారము, దీపాలవేళకు ముందుగా పోయి ఆ పాత బడిగది తాళము తీసి, దీపము వెలిగించి, చాపలు పఱచి, ఇంటికి వచ్చెదను. నేను చేయునది ఇంతమాత్రమే. ఇంతమాత్రము చేయగలవారు ప్రతి గ్రామమునను కలరు. మీ యూరిలో దీపాలవేళకు భయపడుచున్నవాడెవడో మీకు తెలియును. రేపు వానిని తిట్టకుడు. వాని ప్రక్కన కూర్చుండి, వైద్యునియొద్దకు తోడు వచ్చెదనని చెప్పుడు.

సెలవు.